మేకుల మీద పడ్డ నింద

ఉదయం కొట్టు షట్టరు ఎత్తి, టీ తాగి, గ్లాసు కడిగి పెట్టగానే అతను చేసే మొదటి పని గుప్పెడు మేకులు నోట్లో పోసుకోవడం. ఇంక భోజనం దాకా ఆ నోటికి మాటల పని లేదు.

పాత సోఫాలకీ కుర్చీలకీ కొత్త గుడ్డ వేయడం అతని వృత్తి. ఎడమ చేత్తో గుడ్డను బిగదీసి పట్టుకోవాలి. అది ఏమాత్రం వదులైనా ముడత పడుతుంది. కుడి చేతిలో సుత్తి ఉంటుంది. మరి మేకు అందించేదెవరు? అందుకని ఆ పని చేసేవాళ్ళకు నోరే మూడో చేయి. వెడల్పు తల ఉన్న పొట్టి నల్ల మేకుల్ని బుగ్గలో దాచుకుని, నాలుకతో ఒక్కొక్కదాన్నీ తిప్పి, తల బయటికి వచ్చేలా పెదవుల మధ్యకు తెస్తారు. సుత్తికి ఒక కొస అయస్కాంతం. దాన్ని మూతి దగ్గరికి తేగానే మేకు దానికి అతుక్కుంటుంది. ఒక దెబ్బకు చెక్కలో గుచ్చుకుంటుంది, సుత్తిని తిరగేసి కొట్టే రెండో దెబ్బకు దిగిపోతుంది. ఈ లోపు పెదవుల మధ్య ఇంకో మేకు సిద్ధం. అతని చేతిలో ఇదంతా ఎంత జోరుగా సాగేదంటే, బజారులో వాళ్ళు అతనికి 'తుపాకి' అని పేరు పెట్టారు. తర్వాత గాలితో పిన్నులు కొట్టే మిషన్లు వచ్చాయి. అతని కొట్లోనూ ఒకటుంది. చవక సోఫాలన్నీ దానితోనే. మంచి చెక్క కుర్చీ వస్తే మాత్రం మళ్ళీ మేకులే, మళ్ళీ నోరే.

నోటినిండా మేకులున్నప్పుడు అతనికి మూడే మాటలు: ఊఁ, ఊఁహూఁ, ఊఁ? బేరమాడటానికి వచ్చినవాళ్ళు పావుగంట వాదించి, అవతలి నుంచి ఊఁహూఁ తప్ప ఇంకేమీ రాక, అలిసిపోయి ఒప్పుకునేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో భార్య అతన్ని అడిగిన మొదటి సంగతి కూడా దీని గురించే.

"ఏవండీ, మీ నోరేంటి, ఎప్పుడు చూసినా ఇనుప వాసన కొడుతుంది?"

"ఊఁ?" అన్నాడట. అప్పుడు నోట్లో మేకులు లేవు. అలవాటు, అంతే.

మొదటి పుండు ఎడమ బుగ్గ లోపల లేచింది. అతను లెక్కచేయలేదు. ఈ పనిలో చిగురు గీసుకోవడం, నాలుక చివర పొడుచుకోవడం మామూలే. రెండు రోజులు ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే పోతాయి. ఇది పోలేదు. దానికి తోడు ఇంకొకటి వచ్చింది, ఆ రెండూ కలిసిపోయి ఒకటయ్యాయి, నాలుక పక్కల మరికొన్ని బయల్దేరాయి. ముందు వేడి టీ మంట పుట్టించింది. తర్వాత చల్లారిన టీ. ఆ తర్వాత మంచినీళ్ళు తాగినా కళ్ళు మూసుకుని గుటక వేయాల్సి వచ్చింది. భార్య చెవిలో జోరీగలా పోరగా పోరగా, వీధి చివర మేడ మీద ఉండే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

"ఏం పని చేస్తారు?" డాక్టరు అడిగాడు.

"సోఫాలు కుడతానండీ."

"అలవాట్లేమైనా? సిగరెట్టు, పొగాకు?"

"ఏమీ లేవండీ."

పక్కనే నిలబడ్డ భార్య ఊరుకోలేదు. "ఏమీ లేకపోవడమేంటి? మేకులు తింటారండీ."

డాక్టరు చేతిలో అద్దం ఆగిపోయింది. "ఏం తింటారు?"

"తిననండీ, పెట్టుకుంటాను. పని చేసేటప్పుడు. మా అందరికీ అలవాటే," అని తుపాకి సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

"ఎంతసేపు పెట్టుకుంటారు?"

"కొట్టు తెరిచినప్పటి నుంచి మూసేదాకా," భార్య చెప్పింది. "పడుకునేటప్పుడు మాత్రం తీస్తారు. అదే సంతోషం."

ఆ మాటతో డాక్టరు వెతకడం ఆపేశాడు. అతన్ని తప్పు పట్టడానికి లేదు. రోజంతా ఇనుప మేకులు బుగ్గన పెట్టుకునే మనిషికి నోరు పుండయితే, ఎవరైనా ముందు మేకులవైపే చూస్తారు. పూసుకోవడానికి మందు, పుక్కిలించడానికి మందు, బలానికి మాత్రలు రాసిచ్చాడు. "ఇవన్నీ సరే. ముందు మేకులు మానండి. అదే అసలు మందు," అన్నాడు.

తుపాకి మానేశాడు. ఒక గిన్నెలో మేకులు పోసి పక్కన పెట్టుకున్నాడు. అలా పని చేయడం అతనికి కొత్తగా కుట్టు నేర్చుకోవడంలా ఉంది. గిన్నెవైపు చూస్తే గుడ్డ వదులవుతుంది, గుడ్డవైపు చూస్తే వేలికి మేకు మొన గుచ్చుకుంటుంది. ఒక కుర్చీ చేతిపట్టుకు వేసిన గుడ్డే మూడుసార్లు పీకి మళ్ళీ వేశాడు. అతనితో పాటు కొట్లో పనిచేసేది బావమరిది, భార్యకు సొంత తమ్ముడు. నోటినిండా మేకులు పెట్టుకుని ఎదురుగా టకటకా కొట్టుకుపోతూ, ఆ అవస్థ చూసి మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మి మరీ నవ్వాడు.

"ఏంటి బావా! తుపాకి కాస్తా ఉండేలయిపోయింది?"

"నీ నోరు నీకున్నంత కాలం నవ్వుకోరా," అన్నాడు తుపాకి.

పుళ్ళు తగ్గలేదు. ఇంతలో అతను ఒక రోజు దొరికిపోయాడు. భార్య భోజనం పట్టుకుని వచ్చేసరికి, వంగి కుర్చీ వెనక గుడ్డ బిగిస్తున్నాడు. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇటు తిరగండి."

తిరిగాడు.

"ఉమ్మండి."

అప్పటిదాకా అతనికి తెలియదు. పెదవుల మధ్య రెండు మేకులున్నాయి. ఎప్పుడు పెట్టుకున్నాడో, ఏ చేత్తో పెట్టుకున్నాడో గుర్తులేదు. ఆవిడ పసిపిల్లాడి నోటి కింద పట్టినట్టు అరచేయి పట్టింది. అతను రెండు మేకులూ అందులో ఉమ్మాడు.

"చూశావా అక్కా, నేను చెప్తూనే ఉన్నా," అన్నాడు బావమరిది. నిజానికి అతను అంతకుముందు ఏమీ చెప్పలేదు. తన బుగ్గలోని మేకుల సంగతి అక్క ఎత్తకుండా ఆ మాట అన్నాడు.

ఆ రోజు నుంచి నోట్లో కొత్తగా ఏ పుండు లేచినా నేరం తుపాకిదే. రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరు నోరు చూసి, భార్యవైపు చూశాడు. ఆవిడ తల పంకించింది. "మీరు మానలేదు," అన్నాడు డాక్టరు. "మానానండీ, ఒక్కసారే..." అని తుపాకి నసిగాడు. ఒక్కసారి దొరికినవాడి మాటకు విలువ ఎక్కడుంటుంది? పెద్ద పుండు నడిమధ్య నుంచి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. మామూలు పుండే, క్యాన్సర్ ఏమీ లేదని వచ్చింది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. ఆ ఊరటే తర్వాత కొంప ముంచబోయింది.

ఎందుకంటే మిగిలిన వాటికి కూడా కారణాలు దొరుకుతూనే ఉన్నాయి, అన్నీ కొట్లోనివే. కళ్ళు ఎర్రబడి ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంటే, పాత సోఫాలు విప్పినప్పుడు లేచే దుమ్మన్నారు. ముంజేతుల మీద ఊదారంగు దద్దుర్లు లేస్తే, లోపల కూరే పీచు దురదన్నారు. చొక్కా భుజాల మీంచి జారిపోతుంటే, నోరు బాగాలేక తినడం లేదుగా అన్నారు. నాలుగు మెట్లెక్కి ఆయాసపడితే, తినకపోతే ఓపికెక్కడిదన్నారు. ఒక్కటీ అబద్ధంలా లేదు. ఏ జబ్బుకు ఆ కారణం అతికినట్టు సరిపోయింది. దాంతో ఇవన్నీ ఒకే మనిషికి ఒకేసారి ఎందుకొచ్చాయని ఎవరూ అడగలేదు.

అన్నిటికన్నా పెద్ద బాధ, అతనికి తన మీద తనకే నమ్మకం పోవడం. తెలియకుండా రెండు మేకులు పెట్టుకున్న నోరు ఇరవై పెట్టుకోదని ఏముంది? పని ముగించాక చేతులు చూసుకునేవాడు, ఆ రోజు అవి ఎటెటు తిరిగాయో చెబుతాయన్నట్టు. ఒకసారి భార్యతో ఆ మాట అన్నాడు కూడా.

"ఏమో, నిజంగానే పెట్టుకుంటున్నానేమోనే. నాకే తెలియట్లేదు."

"సరే, తేల్చేద్దాం," అంది ఆవిడ. మర్నాడు ఇంటి పని తొందరగా ముగించుకుని కొట్టుకు వచ్చి, గుడ్డ ఊడదీసిన ఒక కుర్చీ చట్రం మీద కూర్చుంది.

"ఏంటిది?" అన్నాడు తుపాకి.

"కాపలా."

ఆ కాపలా మామూలుది కాదు. కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసింది. అతని చేయి గిన్నెవైపు వెళితే ఆవిడ మెడ ముందుకు సాగేది. అతను మూతి తుడుచుకుంటే లేచి నిలబడేది. చొక్కా జేబులు తడిమింది. భోజనానికి ముందు నోరు తెరిపించి నాలుక కింద చూసింది. మొదటి రోజే తమ్ముడి వంతు కూడా వచ్చింది.

"ఒరేయ్, ఇట్రా. నోరు తెరు."

"నేనేం గుర్రాన్నా అక్కా, కొనబోయే ముందు పళ్ళు చూడ్డానికి?"

"గుర్రమైతే అమ్మేసేదాన్నే. తెరు."

టార్చి వేసి చూసింది. గులాబీరంగు చిగుళ్ళు, శుభ్రమైన నాలుక, ఎక్కడా చిన్న గీత లేదు. అదే డబ్బాలోని మేకులు, అదే పని, ఇంచుమించు అన్నేళ్ళ అలవాటు. ఆవిడ టార్చి ఆర్పి, మళ్ళీ వెలిగించి ఇంకోసారి చూసింది. "నీది నాలుక కాదురా, తోలు," అని తేల్చేసి తన కుర్చీ దగ్గరికి వెళ్ళింది. అప్పటికి ఆవిడకు తట్టిన అర్థం అంతే. కానీ చూసినదాన్ని మరిచిపోయే మనిషి కాదు.

ఊరికే కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. కొన మీద చీలిక ఉన్న ఉలిలాంటి పనిముట్టు తీసుకుని, కుర్చీ చట్రాల్లోంచి పాత మేకులు పీకడం మొదలుపెట్టింది. ఒక కన్ను మేకుల మీద, ఒక కన్ను మొగుడి మూతి మీద. వారం తిరిగింది. ఇంకో వారం వచ్చింది. అతను ఒక్క మేకు కూడా నోట్లో పెట్టుకోలేదు. నోరు మాత్రం రోజురోజుకీ దిగజారింది. ఇప్పుడు లోపలే కాదు, పెదవుల ఎర్రటి భాగమంతా పగిలి, నల్లటి నెత్తురు చెక్కు కట్టింది. తెల్లారేసరికి రెండు పెదవులూ అతుక్కుపోయేవి. ఆవిడ తడిగుడ్డతో నానబెట్టి విడదీసేది. పాలలో నానబెట్టిన బ్రెడ్డు కూడా దిగడం లేదు.

ఒక మధ్యాహ్నం పాత ఖాతాదారు ఒకాయన తన కుర్చీలు ఎంతవరకు వచ్చాయో చూసుకోవడానికి వచ్చాడు. తుపాకి మొహం చూసి, ఏమనాలో తోచక, ఎప్పటి పరాచికమే ఆడాడు.

"ఏంటి తుపాకీ! ఇంకా మేకులు మేస్తున్నావా? మానేయవయ్యా బాబూ!"

తుపాకి మాట్లాడితే పెదవి చిట్లుతుంది. భార్యవైపు చూశాడు. పట్టుబడిన దొంగ పోలీసువైపు చూసే చూపులా ఉంది అది.

ఆవిడ చేతిలోని ఉలి కింద పెట్టింది. "మేయట్లేదండీ," అంది. "ఒక్కటి కూడా పెట్టుకోలేదు. నేను ఇక్కడే కూర్చుని చూస్తున్నాగా."

తుపాకి సుత్తి నేల మీద పెట్టి, గుడ్డముక్కల గుట్ట పక్కన చతికిలబడ్డాడు. ఇన్ని నెలల్లో అతని మాటను ఎవరో ఒకరు నమ్మడం అదే మొదలు. మొహం అటు తిప్పుకున్నాడు. ఖాతాదారు తన కుర్చీల సంగతి అడగకుండానే వెళ్ళిపోయాడు.

"పదండి," అంది భార్య.

"ఎక్కడికి?"

"పెద్దాసుపత్రికి. నోటికి వేరే విభాగం ఉందట అక్కడ."

"అక్కడా మేకులే అంటారు."

"అననీ, చూద్దాం," అంటూ పట్టపగలు షట్టరు సగానికి దించింది. "ఒరేయ్ తమ్ముడూ, కొట్టు చూసుకో."

నోటి విభాగంలో డాక్టరమ్మ నడివయసు మనిషి. నెమ్మదస్తురాలు. బల్ల మీద ఆవిడ టీ ఎప్పుడో చల్లారిపోయి ఉంది. పని ఏంటని అడిగింది. సోఫాలు కుడతాడని వినగానే ఆవిడ పెదవుల మీద చిన్న నవ్వు కదిలింది. ఆ నవ్వు ఎటు పోతుందో భార్యకు తెలుసు.

"ముందే చెప్తున్నానండీ డాక్టరమ్మగారూ, మేకుల మాట ఎత్తకండి. అవి మానేసి చాలా కాలమైంది. మధ్యలో ఒక్కసారి పెట్టుకున్నారు, అదీ నేనే పట్టుకున్నా. తర్వాత పక్కనే కూర్చుని కాపలా కాశాను. ఒక్కటి పెట్టుకోలేదు. ఇదిగో, పుళ్ళు పెరిగాయి. మా తమ్ముడు ఇప్పటికీ అవే మేకులు పెట్టుకుంటాడు. వాడి నోరు చంటిపిల్లాడి నోరులా ఉంది. ఇప్పుడు చెప్పండి."

డాక్టరమ్మ నవ్వు ఆగింది. "మీరు కాపలా కాశారా?"

"కాశానండీ."

"మంచి పని చేశారు," అని దీపం దగ్గరికి లాక్కుంది.

చాలాసేపు చూసింది. నాలుకను గుడ్డతో పట్టుకుని రెండు పక్కలా చూసింది. అంగిలి చూసింది. పుండు లేనిచోట, మామూలుగా కనిపించే చిగురు మీద దూదితో మెల్లిగా రుద్దింది. పైపొర తడిసిన కాగితంలా ముడతపడి ఊడి దూదికి వచ్చింది. పెదవుల మీది నెత్తురు చెక్కును చూసింది. తర్వాత ఎవరూ ఊహించని పని చేసింది. అతని కింది కనురెప్ప లాగి కళ్ళు చూసింది.

"కళ్ళు ఎప్పటి నుంచి ఇలా ఉన్నాయి?"

"అది దుమ్మండీ..." తుపాకి మొదలుపెట్టాడు.

"దుమ్ము సంగతి నేనడగలేదు. ఎప్పటి నుంచి?"

నోటితో పాటే, ఇంచుమించు. దద్దుర్లు? అవీ అప్పుడే. బరువు? చొక్కా చూపించాడు. ఆయాసం? భార్య చెప్పింది. డాక్టరమ్మ అన్నిటినీ ఒకచోట పెట్టి చూసింది. అప్పటిదాకా ఎవరూ చేయనిది ఆ ఒక్కటే.

"ముక్క పరీక్ష చేయాలి."

"చేశారండీ, మామూలు పుండేనన్నారు."

"ఎక్కడ నుంచి తీశారు?"

పెద్ద పుండు మధ్య నుంచి అని చెప్పాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మధ్యలో ఏముంటుంది? అక్కడ చర్మం ఎప్పుడో పోయింది. పుండు పక్కన, ఇంకా బాగున్నట్టు కనిపించే చోట తీయాలి."

తుపాకి మొహంలో మొదటిసారి కాస్త వెలుగు వచ్చింది. "అవునండీ. గుడ్డ ఎందుకు చిరిగిందో తెలియాలంటే కన్నం చూస్తే లాభం లేదు. అంచు చూడాలి."

ఈసారి రెండు ముక్కలు తీశారు. రెండోదాన్ని వేరే ద్రవంలో వేసి, రంగు పూసి, చీకటి గదిలో సూక్ష్మదర్శిని కింద చూశారట. కణానికీ కణానికీ మధ్య ఆకుపచ్చటి వెలుగు వలలా మెరిసిందట. అలా మెరవకూడదు.

ఫలితం చెప్పడానికి పిలిచిన రోజు డాక్టరమ్మ అతనికి అర్థమయ్యే దారిలో వచ్చింది. "చర్మంలో కణాలు ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉండటానికి చిన్నచిన్న బిగింపులుంటాయి. మీ మేకుల్లాంటివే అనుకోండి. రోగాల మీద పోరాడాల్సిన మీ రక్తం దారితప్పి, వాటినే పీకేస్తోంది. గుడ్డ బాగానే ఉంది, చెక్క బాగానే ఉంది, మధ్యలో మేకు లేదు. అందుకే ముట్టుకుంటే ఊడొస్తోంది."

తుపాకి బుగ్గ తడుముకున్నాడు. "అయితే నోట్లో పెట్టుకున్న మేకులు కాదన్నమాట. పుట్టుకతో ఉన్న మేకులు."

"అంతే."

"ఎవడండీ పీకుతున్నది? ఎందుకు?"

"అది కనుక్కోవడానికే మీకు ఛాతీకీ పొట్టకీ స్కాన్ తీయించాలి."

"నోరు చూపించుకోవడానికి వస్తే పొట్ట ఫోటో ఏంటండీ?" అంది భార్య.

డాక్టరమ్మ తప్పించుకోలేదు. "ఇలాంటివి చాలా రకాలున్నాయి. ఎక్కువమందికి ఒంట్లో ఇంకేమీ ఉండదు. కానీ పెదవులు ఇలా చెక్కు కట్టి, నాలుక పక్కలూ కళ్ళూ కూడా దెబ్బతిని, ఏ మందుకీ నోరు లొంగకపోతే మాకు అనుమానం వస్తుంది. లోపల ఎక్కడో ఒక గడ్డ ఉండి, రక్తాన్ని తప్పుదారి పట్టిస్తూ ఉండొచ్చు. గడ్డ బయటపడకముందే నోరు చెప్పేస్తుంది ఒక్కోసారి."

"గడ్డంటే... క్యాన్సరా?" అంది భార్య.

"కావచ్చు. కాకపోవచ్చు. చూడకుండా చెప్పను."

తుపాకి ఆసుపత్రి బల్లకు వేసిన రెక్సిన్ అంచును వేలితో తడుముతూ కూర్చున్నాడు. బిగింపు బాగాలేదు.

గడ్డ ఉంది. పొట్టలో పేగుల వెనక, వెన్నెముకను ఆనుకుని, పిడికిలంత. అది ఒక్కనాడూ నొప్పి పుట్టించలేదు. ముందు మందులు మొదలుపెట్టారు. ఒంటి మీద దద్దుర్లు తగ్గాయి. నోరు వినలేదు. గడ్డ తీయాల్సిందేనని శస్త్రచికిత్స డాక్టర్లు చెప్పారు.

ఆసుపత్రిలో చేరే ముందు రోజు అతను కొట్టుకు వచ్చాడు. పని లేదు, ఊరికే. బావమరిది నోట్లో ఆ రోజు మేకులు లేవు.

"నీ సుత్తి నేను ముట్టుకోను బావా," అన్నాడు బావమరిది.

"ముట్టుకోరా. ఊరికే ఉంటే తుప్పు పడుతుంది."

"పడనీ. నువ్వొచ్చి గీక్కో."

"ఆపరేషనయ్యాక మొదటి పని సుత్తి గీకడమా?"

"మరి? కూర్చోబెట్టి మేపుతామా నిన్ను?" అని బావమరిది పిన్నుల మిషను అందుకుని, అవసరం లేని చోట రెండు పిన్నులు కొట్టాడు.

ఆపరేషన్లో గడ్డ మొత్తంగా వచ్చింది. దాన్ని పరీక్షించాక తెలిసింది, అది రోగాలతో పోరాడే ఒక శోషరస గ్రంథి, విపరీతంగా పెరిగిపోయింది. ఒకే చోట ఉంది, ఇంకెక్కడికీ పాకలేదు. "క్యాన్సర్‌కి పక్కింటి జబ్బు ఇది," అంది డాక్టరమ్మ. "గోడ ఒకటే, తలుపు వేరు. మీ అదృష్టం. రక్తానికి పట్టిన క్యాన్సర్ అయ్యుంటే నేనింత తేలిగ్గా మాట్లాడేదాన్ని కాదు."

కానీ ఆవిడ ఇంకో సంగతి దాచలేదు. ఈ జబ్బు ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాల్లోకి కూడా చేరుతుంది. నోరు మానుతుంది గానీ, అక్కడ పాడైంది తిరిగి రాదు. ముక్కుకు క్లిప్పు పెట్టి ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి వందకు దగ్గరగా ఊదాలట. అతనిది డెబ్బై రెండు వచ్చింది.

"ముందే వచ్చుంటే?" భార్య అడిగింది.

"ఇంకా మెరుగ్గా ఉండేదేమో. చెప్పలేను."

ఇంటికి వచ్చాక గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆవిడ, "నేను మీ మూతి చూశాను గానీ మీ మాట వినలేదు," అంది. తుపాకి ఆవిడ చేతిలోని సంచి తీసుకుని లోపలికి నడిచాడు.

నోరు తాపీగా మానింది. ముందు పెదవుల మీది చెక్కులు రాలాయి, తర్వాత బుగ్గలు చక్కబడ్డాయి. నాలుక పక్కలు మాత్రం చాలా నెలలు మొరాయించాయి. ఒక రోజు టీ తాగి, "ఇది వేడిగా ఉంది," అన్నాడు. భార్యకు ముందు అర్థం కాలేదు. అంతకుముందు వేడి అనే మాటకు అతని దగ్గర మంట తప్ప వేరే అర్థం లేదు. వీధి చివర పళ్ళ డాక్టరుకు పెద్దాసుపత్రి నుంచి సంగతి తెలిసింది. తుపాకి ఆ దారిన పోతుంటే మెట్లు దిగి వచ్చి, రోడ్డు మీదే నోరు తెరిపించి, పెదవి పైకెత్తి, చిగుళ్ళన్నీ చూశాడు. వచ్చేపోయేవాళ్ళు ఆగి వాళ్ళు కూడా తొంగిచూశారు. డాక్టరు అతని భుజం మీద చేయి వేసి, మేకుల ఊసెత్తకుండా మళ్ళీ మెట్లెక్కాడు. ఆ తర్వాత నోటిపుండుతో అక్కడికి వెళ్ళినవాళ్ళు ఒక మాట చెబుతున్నారు: ఆయన ఇప్పుడు చిగురును దూదితో రుద్ది చూస్తున్నాడు, కనురెప్ప లాగి కళ్ళు చూస్తున్నాడు.

తుపాకి అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఒకసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, భార్య మందుల కోసం బయటికి వెళ్ళిన అదను చూసి అడిగాడు.

"అమ్మా, మేకులకీ నా జబ్బుకీ సంబంధం లేదంటిరి కదా. మరి మళ్ళీ నోట్లో పెట్టుకోవచ్చా?"

"సంబంధం లేదు. అలాగని పెట్టుకోమని నేను చెప్పను. ఒకటి మింగారంటే మళ్ళీ పక్క వార్డులో మంచం వేయాలి. ఆవిడని అడగండి."

"ఎవరిని?"

"మీ కాపలా ఆవిడని."

అడిగేంత ధైర్యం అతనికి లేదు. తుప్పు గీకిన సుత్తితో, పక్కన గిన్నెతో పనిలో దిగాడు. గిన్నెతో మళ్ళీ అదే తంటా. పాత మేకులు పీకడం అలవాటైపోయిన భార్య ఇప్పటికీ మధ్యాహ్నాలు కొట్లోనే ఉంటోంది. అతని అవస్థ కాసేపు చూసి, లేచి వచ్చి, గిన్నెలోంచి మేకులు తీసి అరచేతిలో పోసుకుని, చేయి చాపి నిలబడింది.

సుత్తి అరచేతి దగ్గరికి వచ్చింది. మేకు అతుక్కుంది, తలకిందులుగా.

"తల పైకి ఉండాలే!"

"ఎవరి తల?"

"మేకు తల!"

"అలా వివరంగా చెప్పండి మరి. నేనేమైనా నాలుకతో తిప్పగలనా?"

అవతల నుంచి బావమరిది, నోటినిండా మేకులతో, ఊఁహూఁ అన్నాడు. నవ్వాడో, మందలించాడో తెలియలేదు. సాయంత్రానికి ఒక కుర్చీ అయింది. మునుపైతే నాలుగు అయ్యేవి.

నెలకోసారి వెళ్ళి ఊదాలి. మొన్న వెళ్ళినప్పుడు తుపాకి ఛాతీనిండా గాలి పీల్చి, కళ్ళు మూసుకుని, ఆఖరి చుక్క దాకా ఊదాడు. భార్య తెర మీది అంకెను అతనికన్నా ముందు చూసింది. డెబ్బై రెండు. పెరగలేదు, తగ్గలేదు. వచ్చే నెల మళ్ళీ ఊదాలి.